హైవేపై ప్రమాదం.. ‘కేసు నమోదైంది’ సరే, పరిహారం ఎవరిస్తారు? ఎంతిస్తారు?

డెస్క్‌లో రోడ్డు ప్రమాద వార్త లేని రోజు ఉండదు. ఊరి పేరు, వాహనాలు, మృతుల సంఖ్య మారుతుంటాయి. చివరి వాక్యం మాత్రం మారదు: ‘పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’. మాకు వార్త అక్కడితో అయిపోతుంది. బాధిత కుటుంబానికి అసలు తిరుగుడు అక్కడే మొదలవుతుంది.

2025 నవంబరు 16న జనగామ జిల్లా రఘునాథపల్లి మండలం నిడిగొండ దగ్గర అలాంటి వార్తే వచ్చింది. హనుమకొండ నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ రాజధాని బస్సు ఆగి ఉన్న ఇసుక లారీని వెనక నుంచి ఢీకొట్టింది. ఇద్దరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. అది 163వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే ప్రతి కారూ ఈ మండలం మీదుగానే పోతుంది. కోమళ్ల టోల్ ప్లాజాలో ఫాస్టాగ్ బీప్ వినని హైదరాబాదీ ప్రయాణికుడు తక్కువ. మేడారం జాతర రోజుల్లో సంగతి చెప్పక్కర్లేదు.

ఇదే రోడ్డు మీద మీ కారుకు ప్రమాదం జరిగితే? ‘ఇన్సూరెన్స్ ఉంది కదా’ అనేది చాలామంది మొదటి జవాబు. ఎవరి ఇన్సూరెన్స్, ఎవరికి వర్తించేది, ఏ కాగితం మీద ఆధారపడేది అని అడిగితే జవాబు అంత తేలిగ్గా రాదు. ఈ ఎక్స్‌ప్లెయినర్ ఆ మూడు ప్రశ్నల గురించే.

మొదటి గంటలో ఏం చేయాలి?

ముందు ప్రాణం. 108 గానీ 112 గానీ కొట్టండి. జాతీయ రహదారి మీదైతే జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్ 1033 కూడా పనిచేస్తుంది. అంబులెన్సు, క్రేన్ రెండింటికీ ఆ నంబరే.

ఆస్పత్రి ఖర్చు గురించి ఆ క్షణంలో ఆగాల్సిన పని లేదు. కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి గుర్తింపు పొందిన ఆస్పత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి. తప్పు ఎవరిది, బాధితుడికి సొంత బీమా ఉందా లేదా అన్నవి ఇక్కడ ప్రశ్నలే కావు. గుర్తింపు లేని ఆస్పత్రికి తీసుకెళ్లినా ప్రాణాపాయం తప్పించేంత వరకు చికిత్స ఈ పథకం కిందికే వస్తుంది. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ‘రోడ్డు ప్రమాదం కేసు, క్యాష్‌లెస్ స్కీమ్ కింద చూడండి’ అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే డిపాజిట్ కట్టమనే అంటారు.

గాయపడినవారిని తీసుకొచ్చిన దారిన పోయే మనిషిని పోలీసులు గానీ, ఆస్పత్రి గానీ ఇబ్బంది పెట్టకూడదు. మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ అతనికి రక్షణ. పేరు చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం. పైగా ప్రాణం నిలిపిన వారికి ‘రాహ్‌వీర్’ పథకం కింద 25 వేల రూపాయల బహుమతి కూడా ఉంది.

కారు నడిపింది మీరే అయితే మీ మీద మూడు బాధ్యతలున్నాయి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. దగ్గరలోని స్టేషన్‌లో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు చెప్పాలి. మీ బీమా కంపెనీకి తెలపాలి. జనం గుమిగూడి కొట్టేలా ఉంటే అక్కడే నిలబడమని చట్టం అనదు. 134వ సెక్షన్‌లోనే జనాగ్రహం మాట ఉంది. అప్పుడు కారు వదిలి నేరుగా స్టేషన్‌కు వెళ్లడం తప్పు కాదు. ఇంటికి వెళ్లి ఫోన్ స్విచాఫ్ చేసుకోవడం తప్పు.

ఇక్కడో మాట. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల జైలు అనే నిబంధన మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేయడం, హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు క్యూలు కట్టడం గుర్తుండే ఉంటుంది. భారతీయ న్యాయ సంహితలో 106(2) అనే ఆ నిబంధనను, 2024 జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు, పక్కన పెట్టారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష మాత్రం అమల్లోనే ఉంది. పాత చట్టంలో అది రెండేళ్లే.

వాహనాలను పక్కకు తీసేముందు ఫోన్‌లో ఫొటోలు తీయండి. రెండు వాహనాల నంబరు ప్లేట్లు, రోడ్డు మీద టైరు జారిన గుర్తులు, లారీ ఏ లైనులో ఆగి ఉంది, దాని వెనక లైట్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఉన్నాయా లేదా అన్నవి చాలు. ఆ చివరి ఫొటో విలువ ఏమిటో కాస్త కింద తెలుస్తుంది. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ మెమరీ కార్డు తీసి దాచండి. కొన్ని గంటలకే పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది.

‘కేసెందుకు సార్, ఇక్కడే మాట్లాడుకుందాం’

హైవే పక్కన ఏ ఊరి దగ్గర ప్రమాదం జరిగినా అరగంటలో ఈ మాట వినపడుతుంది. అనేవాళ్లంతా చెడ్డవాళ్లు కారు. కోర్టుల చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే ఎక్కువ. బంపర్ సొట్టపోయిన చోట, అద్దం పగిలిన చోట ఆ మాట వినొచ్చు కూడా. మనిషికి దెబ్బ తగిలిన చోట వినకూడదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఇది ఊహించుకున్న ఉదాహరణ. వయసు 32. సొంతంగా చిన్న వ్యాపారం, నెలకు 20 వేల ఆదాయం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే ఆధారపడ్డారు. ఎదుటి వాహనం తప్పుతో అతను చనిపోయాడు. పరిహారం ఎలా లెక్కించాలో సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ద్వారా తేల్చి చెప్పింది. ఏడాది ఆదాయం 2,40,000. నలభై ఏళ్లలోపు స్వయం ఉపాధి కాబట్టి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలపాలి. మొత్తం 3,36,000. ఆధారపడినవారు నలుగురు గనక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేయాలి. మిగిలేది 2,52,000. అతని వయసుకు గుణకం 16. హెచ్చవేస్తే 40 లక్షల 32 వేలు. అంత్యక్రియలు, ఆస్తి నష్టం కింద చెరో 15 వేలు, భర్తను, తండ్రిని, కొడుకును కోల్పోయినందుకు ఇచ్చేవి వీటికి అదనం. 2017లో నిర్ణయించిన ఈ మొత్తాలు మూడేళ్లకోసారి పది శాతం పెరుగుతాయి.

పెద్దమనుషుల మధ్య ఏ మూడు లక్షల దగ్గరో మాట తెగితే ఆ కుటుంబం వదులుకునేది ఎంతో మీరే చూడండి. ఆ 40 లక్షలు లారీ యజమాని జేబులోంచి పోయేవి కావు. లారీకి చెల్లుబాటయ్యే థర్డ్ పార్టీ పాలసీ ఉంటే బీమా కంపెనీయే కట్టాలి. ప్రాణనష్టానికి థర్డ్ పార్టీ బీమాలో గరిష్ఠ పరిమితి అంటూ లేదు. మనిషి మీద జాలితో ‘పాపం, అతను మాత్రం ఎక్కణ్నుంచి తెస్తాడు’ అని రాజీ పడేవారు ఈ సంగతి తెలియకే పడతారు.

రెండో వైపు నుంచి చూసినా అంతే. మీ కారు ఎవరికో తగిలింది, మీరు జంకి అక్కడికక్కడే డబ్బిచ్చి ‘తప్పు నాదే’ అని కాగితం రాసిచ్చారు అనుకోండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు చెల్లించకూడదు అన్నది దాదాపు ప్రతి మోటారు పాలసీలో ఉండే షరతు. తర్వాత అవతలివారు ట్రైబ్యునల్‌కు వెళ్తే కంపెనీ ఆ కాగితాన్నే చూపిస్తుంది. పైగా మరణం జరిగిన కేసు మీరిద్దరూ రాజీపడితే పోయేది కాదు.

మొదటి కాగితం: ఎఫ్‌ఐఆర్

ట్రైబ్యునల్‌లో ఎఫ్‌ఐఆరే తుది సాక్ష్యం కాదు. కానీ కేసు మొత్తం దాని మీదే నిలబడుతుంది. వాహనం నంబరు తప్పు పడినా, ‘గుర్తుతెలియని వాహనం’ అని రాసినా, కారు నడిపిన వ్యక్తి పేరు మారినా తర్వాత సరిచేసుకోవడానికి నెలలు పడుతుంది. ఫిర్యాదు ఇచ్చేది ఆస్పత్రిలో ఉన్న బంధువు అయితే అతనికి ప్రమాదం ఎలా జరిగిందో తెలిసి ఉండదు. ఎవరో చెప్పింది రాస్తాడు. వీలైతే చూసినవాళ్లను ఒకసారి అడిగి రాయండి. తెలియనిది తెలియదనే రాయండి.

రఘునాథపల్లి దగ్గర ప్రమాదం జరిగితే కేసు అక్కడి పోలీస్ స్టేషన్‌దే. జనగామ జిల్లా పోలీసులు వరంగల్ కమిషనరేట్ పరిధిలోకి వస్తారు. గాయపడినవారిని హైదరాబాద్ ఆస్పత్రికి తెచ్చేసి ఉంటే? ‘మా పరిధి కాదు’ అని అక్కడి స్టేషన్ అనడానికి లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకుని బదిలీ చేయాలి. ఫిర్యాదుదారుకు కాపీ ఉచితంగా ఇవ్వాలి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల సంగతి మాత్రం చాలా కుటుంబాలకు తెలియదు. వీటి ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక ట్రైబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. పది రోజుల్లో బాధితులకు వారి హక్కులేమిటో చెప్పే ఫారం ఇవ్వాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక దాఖలు చేయాలి. ఆ సమగ్ర నివేదిక అందాక కంపెనీ అధికారి 30 రోజుల్లో ఎంత ఇస్తామో చెప్పాలి. ఈ నిబంధనలు కచ్చితంగా పాటించాలని 2022 డిసెంబరు 15న గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది స్టేషన్‌లో అడగందే కదలదు. ‘ఫారం–2 ఇచ్చారా, సమగ్ర నివేదిక ఎప్పుడు వేస్తారు’ అని అడిగితే చాలు, మీకు సంగతి తెలుసని అవతలివారికి అర్థమవుతుంది.

మరణం జరిగితే శవపరీక్ష వద్దనకండి. ఆ బాధలో అలా అనిపించడం సహజమే. కానీ మరణానికి కారణం ప్రమాదమేనని చెప్పే కాగితం అదొక్కటే. గాయాలైతే డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, శాశ్వత వైకల్యం ఉంటే మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలి. ఒరిజినల్ బిల్లులు హెల్త్ ఇన్సూరెన్స్‌కు ఇచ్చేసే ముందు ధ్రువీకరించిన నకళ్లు తీసి పెట్టుకోండి.

ఆగి ఉన్న లారీని గుద్దితే తప్పెవరిది?

‘వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు’ అనేది మన రోడ్ల మీద స్థిరపడిన తీర్పు. చట్టం అంత తొందరగా తేల్చదు. ఇతరులకు ప్రమాదం కలిగేలా రోడ్డు మీద వాహనం నిలపకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతుంది. రాత్రిపూట ఇండికేటర్ లేకుండా, రిఫ్లెక్టర్ లేకుండా హైవే మీద లారీ ఆపితే ఆ డ్రైవర్ నిర్లక్ష్యంలోనూ వాటా ఉంటుంది. ఎంత వాటా అన్నది సాక్ష్యాన్ని బట్టి ట్రైబ్యునల్ తేలుస్తుంది. అందుకే ఆ రిఫ్లెక్టర్ ఫొటో.

దీనికి ఈమధ్య కాలంలో మంచి ఉదాహరణ కోయంబత్తూరు కేసు. 2017 జనవరిలో హైవే మీద ఒక కారు హఠాత్తుగా ఆగింది. వెనక బైక్ మీద వస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థి దాన్ని ఢీకొని పడ్డాడు, వెనక నుంచి వచ్చిన బస్సు అతని మీద నుంచి వెళ్లింది. ఎడమ కాలు తీసేశారు. గర్భిణి అయిన తన భార్యకు వాంతి వచ్చేలా ఉంటే కారు ఆపానని డ్రైవర్ చెప్పాడు. 2025 జులై 29న సుప్రీంకోర్టు ఆ వివరణ ఒప్పుకోలేదు. హైవే మీద అవసరమై ఆగాల్సి వచ్చినా వెనకవారికి సిగ్నల్ ఇవ్వాల్సిందేనంది. తప్పులో కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం, విద్యార్థికి 20 శాతం వాటా వేసింది. అతని వాటా మినహాయించాక కూడా పరిహారం సుమారు 91 లక్షల రూపాయలు. కారు వెనక సీటులో పిల్లలు ఏడుస్తున్నారనో, ఫోన్ వచ్చిందనో ఎడమ లైన్‌లో అలాగే ఆపేసే మనందరికీ ఈ తీర్పు పనికొస్తుంది.

నిడిగొండ లాంటి ప్రమాదంలో ప్రయాణికుడి సంగతి వేరు. నడిపింది అతను కాదు గనక అతని తప్పు సున్నా. రెండు వాహనాల డ్రైవర్లదీ తప్పుంటే మొత్తం పరిహారాన్ని ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యేయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ల మధ్య వాటాలు వాళ్లు తర్వాత చూసుకుంటారు. బాధితుడు ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి, అంతే. ప్రభుత్వ రవాణా సంస్థ ప్రత్యేక నిధి ఏర్పాటు చేసుకుంటే బీమా నుంచి మినహాయింపు పొందే వీలు చట్టంలో ఉంది. అలాంటప్పుడు పరిహారం సంస్థే ఇవ్వాలి.

గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దరఖాస్తు కోర్టుకు కాదు, క్లెయిమ్స్ ఎంక్వైరీ అధికారిగా ఉండే రెవెన్యూ అధికారికి పెట్టుకోవాలి. ఇది కాక, తప్పు ఎవరిదో నిరూపించకుండానే 164వ సెక్షన్ కింద వాహన యజమాని లేదా బీమా కంపెనీ నుంచి మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు కోరే దారి కూడా ఉంది. అది తీసుకుంటే అదే ప్రమాదానికి పెద్ద పరిహారం అడిగే దారి మూసుకుపోతుందని గుర్తుంచుకుని ఎంచుకోవాలి.

మీ కారులో కూర్చున్నవారికి బీమా ఉందా?

ఇది ఈ వ్యాసంలో ఎక్కువమందిని ఉలిక్కిపడేలా చేసే భాగం అనుకుంటున్నాను. పాత కారు కదా అని చాలామంది ఖర్చు తగ్గించుకోవడానికి థర్డ్ పార్టీ మాత్రమే కడతారు. యాప్‌లో రెండు నిమిషాల పని. ఆ పాలసీ రోడ్డు మీద మీరు ఢీకొట్టిన మనిషిని కాపాడుతుంది. మీ పక్కన కూర్చున్న అమ్మను, వెనక కూర్చున్న స్నేహితులను కాదు.

సొంత కారులో ఉచితంగా ప్రయాణిస్తున్నవారు ‘యాక్ట్ ఓన్లీ’ పాలసీ కిందికి రారని, సమగ్ర పాలసీ అంటే ప్యాకేజీ పాలసీ ఉంటే మాత్రం వస్తారని 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే మీ తప్పుతోనే కారు డివైడర్‌ను గుద్ది వెనక సీటులో స్నేహితుడికి కాలు విరిగితే, మీ దగ్గర థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే, అతను మీ మీదే క్లెయిమ్ వేయాలి. డబ్బు మీరే కట్టాలి. స్నేహితులు అలా వేయరు అనుకుంటాం. ఆస్పత్రి బిల్లు పది లక్షలు దాటాక ఎవరైనా వేస్తారు, వేయాలి కూడా.

మరి కారు నడిపేవారికి? తన నిర్లక్ష్యంతోనే ప్రమాదం చేసి చనిపోయిన వ్యక్తి వారసులు, అదే వాహనం బీమా కంపెనీ నుంచి మోటారు పరిహారం అడగలేరని 2025 జులై 2న సుప్రీంకోర్టు చెప్పింది. తన తప్పుకు తనే బాధితుడైనవాడు ‘మూడో వ్యక్తి’ కాడు. ఆ కుటుంబానికి మిగిలేది ఓనర్–డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్. 15 లక్షలు. దానికీ షరతులున్నాయి. కారు ఎవరి పేరున ఉందో వారే నడుపుతూ ఉండాలి, చెల్లే లైసెన్సు ఉండాలి. నాన్న పేరున ఉన్న కారు కొడుకు నడిపితే ఈ కవర్ అతనికి రాదు. పాలసీ కొనేటప్పుడు ‘ఇప్పటికే వేరే కవర్ ఉంది’ అని టిక్కు పెట్టి ఈ ప్రీమియం తప్పించుకున్నవారు నిజంగా ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

కారు అమ్మేశాక ఆర్‌సీ మీ పేరునే ఉంటే అది కూడా ప్రమాదమే. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. మూడు చేతులు మారిన కారు ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

లైసెన్సు లేకపోయినా, తాగి నడిపినా కంపెనీ మీ కారు రిపేరు ఖర్చు ఇవ్వదు. రోడ్డు మీద దెబ్బతిన్న మూడో వ్యక్తికి మాత్రం ట్రైబ్యునళ్లు తరచూ ‘ముందు కంపెనీ చెల్లించాలి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలి’ అని ఆదేశిస్తాయి. రాబట్టుకునేది మీ దగ్గరే. లైసెన్సు విషయంలో ఒక ఊరట: మామూలు కారు లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలూ నడపవచ్చని 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ సాకుతో క్లెయిములు తిరస్కరించడం ఇప్పుడు కుదరదు.

కారు రిపేరు సంగతి

ప్రమాదం జరిగిన చోట నుంచే కంపెనీ యాప్‌లోనో, ఫోన్‌లోనో క్లెయిమ్ నంబరు తీసుకోండి. సర్వేయర్ చూడకముందు ఒక్క బోల్టు కూడా విప్పించవద్దు. కంపెనీ 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలని, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలని, నివేదిక అందిన ఏడు రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది.

కేసైతే కారు ముందు స్టేషన్‌కు వెళ్తుంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పరీక్ష వంటివి పూర్తయ్యాక 24 గంటల్లో కారు తిరిగి ఇవ్వాలని 136వ సెక్షన్ చెబుతోంది. అడగడానికి ఆ సెక్షన్ నంబరు గుర్తుంచుకోండి. రఘునాథపల్లి నుంచి హైదరాబాద్ షోరూంకు కారు లాగించే ఖర్చు మరో దెబ్బ. మామూలు ప్యాకేజీ పాలసీలో టోయింగ్‌కు 1,500 రూపాయలే పరిమితి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్ఆన్ ఉంటే వాళ్లను పిలవండి. లేకపోతే జనగామలోనో, హనుమకొండలోనో నెట్‌వర్క్ గ్యారేజీ ఉందేమో ముందు కనుక్కోండి.

బిల్లు మొత్తం కంపెనీ కట్టదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, టైర్లు, బ్యాటరీ మీద సగం తరుగు కింద కోస్తారు. జీరో డిప్రిసియేషన్ ఉంటే ఆ కోత చాలావరకు తప్పుతుంది. దీనికితోడు తప్పనిసరి మినహాయింపు 1,500 సీసీ లోపు కారుకు వెయ్యి, ఆపైన రెండు వేలు. రిపేరు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా లెక్కిస్తారు. చిన్న సొట్టకు క్లెయిమ్ వేసే ముందు నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. ఐదేళ్లలో అది 50 శాతం దాకా పెరుగుతుంది, ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు వస్తుంది. మా ఇంట్లో ఆరు వేల రిపేరుకు క్లెయిమ్ వేసి, మరుసటి ఏడాది ప్రీమియంలో అంతకంటే ఎక్కువే కట్టాం.

కంపెనీ కాదంటే, కోర్టుకు వెళ్తే

సొంత కారు క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్, 155255 నంబరు ఉన్నాయి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు అక్కడ తేలతాయి.

గాయాలకు, మరణానికి పరిహారం మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో. ఇందుకు జనగామే వెళ్లాల్సిన పని లేదు. ప్రమాదం జరిగిన చోటైనా, మీరు నివసించే లేదా పనిచేసే చోటైనా, ప్రతివాది నివసించే చోటైనా పిటిషన్ వేయవచ్చు. కూకట్‌పల్లిలో ఉండేవారు తమ ప్రాంతపు కోర్టులోనే వేసుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ గడువును సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకు వెళ్లాయి. గడువు దాటిందన్న కారణంతో క్లెయిములు కొట్టేయవద్దని 2025 నవంబరులో కోర్టు మధ్యంతర ఆదేశమిచ్చింది. అయినా ఆరు నెలలే గడువు అనుకుని వేయడం మేలు. మధ్యంతర ఆదేశం తుది తీర్పు కాదు.

లాయరు ఫీజు భయం చాలామందిని ఆపుతుంది. వచ్చిన పరిహారంలో ఇంత శాతం అని మాట్లాడుకునేవారూ ఉంటారు. భారత న్యాయవాదుల ప్రవర్తనా నియమాలు దాన్ని ఒప్పుకోవు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఆదాయ పరిమితిలో ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. నంబరు 15100. భర్తను కోల్పోయిన భార్య పిటిషనర్ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆమెకు ఈ హక్కు ఉంది.

ఏళ్లు ఆగలేక చాలా కేసులు లోక్ అదాలత్‌లో తేలుతున్నాయి. డబ్బు త్వరగా వస్తుంది, అది నిజమైన లాభమే. అయితే అక్కడ సంతకం చేశాక అప్పీలు ఉండదు. కంపెనీ ప్రతినిధి ఒక అంకె చెప్పినప్పుడు పైన వేసిన లెక్క మీ వివరాలతో ఒక కాగితం మీద వేసి పక్కన పెట్టుకోండి. ఏడాది ఆదాయం, కలపాల్సిన శాతం, తీసేయాల్సిన వంతు, వయసుకు గుణకం. 26 నుంచి 30 ఏళ్లకు 17, 36 నుంచి 40కి 15, 41 నుంచి 45కి 14, 46 నుంచి 50కి 13, 51 నుంచి 55కి 11.